మంచిది అని రాసి ఉన్న వరుస

బాదేపల్లి మార్కెట్ యార్డుకు ఎదురుంగ మా ల్యాబు.
పొద్దుగాల ఏడింటికి షట్టరు లేపుత.
పల్లీల దుమ్ము నాకంటె ముందొచ్చి
కుర్చీల మీద కూసోని ఉంటది.

పరగడుపున వచ్చినోళ్ల వరుసల
అందరికన్న ఆఖరున పెంటయ్య.
బస్తాలు మోసి మోసి
ఎడమ భుజం ఒక జానెడు కిందికి దిగిన మనిషి.
"రాత్రి ఏడింటికి తిన్న. నీళ్లు గూడ ముట్టలె" అన్నడు,
నేరం ఒప్పుకుంటున్నట్టు.
నీళ్లు తాగొచ్చు పెద్దనాయినా, అన్న
ఆల్చెంగ.

నరం దొరకలె.
రెండోపారి సూది దిగినప్పుడు
గోడమీది క్యాలెండరుల అమాస ఎప్పుడో వెతుకుతున్నడు.

మాపటికి కాయితం వచ్చింది.
హెచ్.డి.ఎల్. ఇరవై మూడు.
పక్కన, నేల చూపులు చూసే బాణం.

"గుండెదేనా బిడ్డా ఇది?
నా గుండె మంచిగనే ఉన్నది.
నలభై కిలోల బస్తా ఎత్తుకోని
లారీ పలకెక్కుత ఇప్పటికి."

గుండెను ఎవరూ అనుమానించలె.
ఈ ఏడు మూడుసార్లు నిమ్ము చేసింది ఆయనకు.
దసరాకు కాలి మీద లేసిన పుండు
ఉగాది దాకా మానలె.
మూత్రంల నురగ.
డాక్టరమ్మ ఈ ముక్కలన్ని ఒక్క దగ్గర పెట్టి
చాలాసేపు చూసింది.

గుండె వాకిట్ల కాపలా కుక్క అనుకున్నం ఇన్నేండ్లు, అన్నది.
ఇది ఒళ్లంత తిరుగుతదట.
క్రిములు కక్కిన విషాన్ని మూటగట్టి
కాలేయానికి అప్పజెప్పొస్తదట.
ఇది తక్కువున్నోళ్లల్ల
నిమ్ములు ఎక్కువ, కిడ్నీలు అలిసిపోవుడు ఎక్కువ.
"అయితే ఇదే కారణమా,
జరిగిన కాడ నిలబడ్డ సాక్షా,
లేక రోగమే దీన్ని పడగొట్టిందా,
ఇంకా తేలలె" అని
పెన్ను మూత పెట్టింది.

తేలనిదాన్ని పెంటయ్యకెట్ల చెప్పాలె?
యార్డు ఊడ్సేటోళ్లు ఉంటరు గద పెద్దనాయినా,
తట్టల చెత్త ఎత్తి, అవతల పారబోసి
ఉత్త తట్టతోటి మళ్లొస్తరు.
నీ నెత్తురుల అసొంటి తట్టలు తక్కువున్నయి.

నవ్విండు. ముందటి పండ్లు రెండు లెవ్వు.
"పెంట మోసేదాన్నా
కాయితంల మంచిదని రాసిండ్రు?"

ముగ్గురు పుట్టి పోయినంక పుట్టిండట.
తల్లి పాతచీర పేలికల సుట్టి
పెంటకుప్ప మీద పెట్టిందట.
మంత్రసాని ఎత్తుకోని
చేటెడు జొన్నలకు మళ్ల తల్లికే అమ్మిందట.
"సావు గూడ పెంటను ముట్టదని.
అరవై రెండేండ్లాయె, ముట్టలె గద!"
గుప్పెడు పల్లికాయ టేబుల్ మీద పోసి
కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి
రుమాలు కొసకు ముడేసుకున్నడు.
ఆ ముడిల ఇరవై మూడు
ఇంకెంత చిన్నగయిందో.

నిన్న
హిందీ టీచరు శంషాద్ బేగం రిపోర్టుల
అదే వరుసల నూట పన్నెండు.
"చిన్నప్పటి సంది నాకు అన్నిట్ల ఫస్టే" అని
కలాకంద్ డబ్బా తెచ్చింది.
ల్యాబుల అందరం తిన్నం.
డాక్టరమ్మ తినలె.
మరీ ఎక్కువైనా ఏమంత మంచిది కాదంటున్నరు,
ఎముకలు ఇరుగుతున్న లెక్కలున్నయి,
మతిమరుపు లెక్కలు గూడ ఉన్నయి,
అని నాకొక్కదానికి ఇనపడేటట్టు అన్నది.
అవి లెక్కలే, జాతకాలు కావు, అని గూడ అన్నది.

కంప్యూటరుల ఆ వరుస పక్కన
మంచిది అని టైపు చేసినోడెవడో,
ఎంతవరకు మంచిదో
రాయలె.

షట్టరు సగం దించిన.
కింది సందుల నుంచి
తెలిసిన చెప్పులు కనపడ్డయి.
శంషాద్ టీచరు.
చేతుల కలాకంద్ డబ్బా.
"బేటీ, నా రిపోర్టు చూసినవా?
నూట పన్నెండు!
అందరికన్న ముందు నీకే ఇస్తున్న."

షట్టరు మళ్ల లేపిన.
ఒక ముక్క తీసుకున్న,
మొదటిసారి తీసుకున్నట్టే.