ఐదు సెకన్ల ఖాళీ

కెనెమాలో బడులన్నిటికీ తాళాలు పడ్డ నెల
మా రేడియో స్టేషన్‌కి బైందు టీచరు వచ్చింది,
చంకలో లెక్కల పుస్తకం, చేతిలో సుద్దముక్క.
రేడియోలో సుద్దముక్క ఎందుకన్నాను.
"ఇది లేకపోతే నాకు నోరు పెగలదు" అంది.

గుమ్మంలో క్లోరిన్ నీళ్ళతో చేతులు కడుక్కుని
ఎవరి గుండె మీద వాళ్ళే చెయ్యి వేసుకుని పలకరించుకున్నాం.
ఆ ఏడు మా ఊళ్ళో మనిషిని మనిషి ముట్టుకోలేదు.

ఎర్రదీపం వెలిగింది.
"పిల్లలూ, ఏడెనిమిదులు ఎంత?" అని
ఆవిడ ఆగిపోయింది.

భయపడిందనుకున్నాను.
అద్దంలోంచి తొంగి చూస్తే
బల్ల కింద ఒక్కొక్క వేలే ముడుస్తోంది.
బొటనవేలు దాకా వచ్చాక తలెత్తి
"బాగా చెప్పారు" అంది,
ఎవరూ లేని గదిలో
సుద్ద అంటిన ముఖంతో నవ్వుతూ.

మేనేజరు వాండీకి ఒళ్ళు మండింది.
"జనరేటరు డీజిల్ తాగుతోందమ్మా!
ఊరికే ఉన్న గాలిని ఊరంతా పంచడానికా?"
"అడిగి, జవాబు వినకుండా పోయేదాన్ని
టీచరంటారా?" అంది.
ఇద్దరూ నా వైపు చూశారు.
నేను మీటల వైపు చూశాను.
ఖాళీ ఉండిపోయింది.

ఆవిడ తరగతిలో ముప్ఫై నలుగురు.
మోటారు సైకిల్ మీద హెడ్మాస్టరు తిరిగి లెక్క తేల్చిన రేడియోలు తొమ్మిది.
ఎవరు ఎవరి అరుగు మీద కూర్చోవాలో,
పిల్లకీ పిల్లకీ మధ్య ఎన్ని మూరలుండాలో
ఇంటింటికీ చీటీ రాసి, రాయి కింద పెట్టి వెళ్ళాడు.
బ్యాటరీలు నీరసపడితే ఎండలో పెట్టమని
చీటీ చివర ఇంకో మాట.

వాన రేకుల మీద పడ్డ రోజుల్లో రికార్డింగు ఆగేది.
ఆవిడ కదిలేది కాదు.
చూరు నీళ్ళు తగ్గేదాకా
రాని పిల్లల పేర్లు వరసగా గొణుక్కునేది.
ఒక వారం ఆ వరసలో ఒక పేరు దగ్గర
గొంతు తడబడి, దాటి వెళ్ళిపోయింది.
నేను అడగలేదు.

మళ్ళీ బడి గంట మోగిన వారానికి
పదేళ్ళ పిల్ల ఒకతె స్టేషన్ మెట్ల మీద నిలబడి ఉంది.
పేరు టెన్నే. తగాదాకి వచ్చింది.

"మా ఇంటి చుట్టూ ఇరవై ఒక్క రోజులు తాడు కట్టారు.
పక్కింటావిడ రోలు బోర్లించి
దాని మీద రేడియో పెట్టి, మా వైపు తిప్పేది.
తాడు ఇవతల నుంచి నేను గట్టిగా చెప్పాను, యాభై ఆరు అని.
మా తమ్ముడు యాభై నాలుగన్నాడు.
మీ టీచరు ఇద్దర్నీ బాగా చెప్పారంది.
అది న్యాయమేనా?"

నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.
చెవులకి పెట్టుకునేవి ఆ పిల్లకిచ్చి
పాత రికార్డింగు వెతికి తీశాను.
నేను ఎన్నోసార్లు ఒంటరిగా విన్న ఖాళీ అది.
నిజానికి ఖాళీ కాదు.
దూరంగా జనరేటరు,
ఎక్కడో కోడి,
టీచరు పీల్చిన ఊపిరి,
బల్ల కింద గోరు చెక్కకి రాసుకున్న చప్పుడు.

"పిల్లలూ, ఏడెనిమిదులు ఎంత?"

టెన్నే నిటారుగా కూర్చుంది.
తాడు అవతలికి వినపడాలన్నట్టు
అద్దాలదిరేలా అరిచింది.
మేనేజరు గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు.

మూడు. నాలుగు. ఐదు.

"బాగా చెప్పారు."

"చెప్పావు అనాలి" అంది టెన్నే,
"ఈసారి నేనొక్కదాన్నేగా."
చెవుల్లోవి తీసి బల్ల మీద జాగ్రత్తగా పెట్టి,
రెండో గంటకి ఆలస్యమవుతోందని
మెట్లు దిగి పరిగెత్తింది.