ఆరు నట్లు

బిర్కత్ అల్ మోజ్‌ల, జబల్ కాళ్లకాడ మా గ్యారేజీ.
పైన గులాబీలు పూస్తయట, దానిమ్మలు కాస్తయట.
ఆరేండ్లాయె, ఒక్కపారి గూడ ఎక్కలే.
కొండ నాకు వాసనతోనే ఎరుక:
దిగొచ్చిన బండ్ల బ్రేకులు కమురుకంపు.

ఆదివారం పొద్దుగూకంగ రయ్యా టీచరమ్మ వచ్చింది.
పైన బడిల లెక్కలు చెప్తది.
"బ్రేకు తొక్కితే స్టీరింగు వణుకుతున్నది,
మా తాత టీ గిలాస పట్టుకున్నట్టు" అన్నది.
డిస్కు వంగిందన్న నేను. అందరు గట్లనే అంటరు.

"పోత ఇనుమబ్బీ అది, అప్పడమా వంగేదానికి?"
రాయచోటి ఖాసింపీరన్న, మా ఉస్తాదు,
నవ్వకుండనే అన్నడు.
"కంటికి కానరాదు. ముల్లునడుగు."

చక్రం ఊడదీసి డయల్ గేజి ఆనించి
డిస్కును మెల్లగ తిప్పిన.
ముల్లు సున్నా కాడినుంచి లేచింది,
ఎనిమిది గీతలెక్కింది, దిగింది,
మళ్లెక్కింది.
గీతకు మిల్లీమీటరుల నూరో వంతు.
అన్ని గలిపితె ఒక్క తలెంట్రుక మందం.
దానికే రెండు టన్నుల ప్రాడో గజగజ!

అన్న ఒక్కొక్కటి అడిగిండు.
దిగంగనే చల్లనీళ్లు కొట్టినవా? లేదు.
చెక్‌పోస్టుకాడ కాలు అదిమే పెడతవా,
కాగిన డిస్కు మీద ప్యాడు అచ్చు పడేటట్టు?
"హ్యాండ్ బ్రేకేస్త. కొండంత రెండో గేరులనే దిగుత.
మా నాయిన ట్యాంకరు డ్రైవరు" అన్నది,
పరీక్షల పాసైన పిల్లలెక్క గాదు,
పేపరు దిద్దేటామె లెక్క.

అన్న మాట్లాడలే.
ఊడదీసిన నట్ల దిక్కు చూసిండు.
ఒకటి సగం చేతికే వచ్చింది,
ఇంకోదానికి పైపేసి, పైపు మీద నేను నిలబడితెగాని కదల్లే.

మూడు వారాల కింద, బేస్తవారం రాత్రి
గీ బండికి టైర్లేసింది నేనే.
ఎక్స్‌ఛేంజి మూస్తరని,
ఇంటికి పైసలు పోవాలెనని
గాలి గన్ను పట్టి ఆరు నట్లు వరుసబెట్టి
టర్రు టర్రున కొట్టి పారేసిన.
హబ్బు మీద తుప్పు పొక్కుంటె తుడువలే.
కొండ మీదికి నెట్టేస్తె అయిపోవు.
కొండ ఏం జవాబు చెప్తది?

"నేనేనన్నా" అన్న.
"నాకు తెలుసులే" అన్నడు,
నా పేరు మీద బుక్కుల ఐదు రియాళ్లు రాసిండు.

డిస్కు అంచుకు పోతపోసిన అంకె ఉంటది,
ఇంతకన్న పలుచగైతె పారెయ్యుమని.
కొలిచినం. ఇంకా కండున్నది.
లేతు మీద ఇనుము ఇసుకోలె రాలింది,
నా ముక్కుల నల్లగ, అన్న గడ్డంల నల్లగ.
తుప్పంత వైరు బ్రష్షుతోని గీకిన,
హబ్బు అద్దమయ్యేదాక.
తర్వాత టార్కు రెంచి.
ఒకటి, దానికెదురుది, మళ్ల అడ్డంగ,
మా అక్క చుక్కల ముగ్గు కలిపినట్టు.
రెంచి టక్కుమన్నకాడ ఆగాలె,
మగతనం చూపియ్యొద్దు.

నిజ్వా రోడ్డు మీద ఆమె నడిపింది, నేను పక్కన.
అరవైనుంచి పదికి, మళ్ల అరవై, ఎనిమిది సార్లు.
"ఆగొద్దు, ఆగొద్దు" అంటనే ఉన్న.
ఆమె అరబీల లెక్కబెట్టింది, నేను తెలుగుల.
అయిదు కాడ నేను తప్పిన, ఆమె తప్పలే.
చల్లారేదాక ఊరికెనే పోయినం,
ఖర్జూరం తోటలు దాటి, కిటికీలు దించుకొని.
స్టీరింగు మీద రెండేళ్లే పెట్టింది.
షుక్రన్ అనలే.

నెల దాటినంక ఆయిలు మార్చెతందుకొచ్చి
"టైర్లు గూడ తిప్పు" అన్నది.
కుర్చీ ఏస్తె కూసోలే.
నా నెత్తిమీదనే నిలబడి
ఒక్కో టక్కుకు ఒక్కో వేలు మడిచింది.
ఆరు.
నేను మళ్ల మొదటిదానికి పోయి
ఇంకోసారి చూసిన.