పదును

టవర్ క్లాక్ కాడ పాత పేపర్లంగడిలో
కిలో పద్దెనిమిది లెక్కన తూకమేసి ఇచ్చినాడు.
ముప్పావు కిలో తూగింది పర్యాయపద నిఘంటువు.
అట్ట లేదు. లోపల ఎవరో పంతులుగారి సంతకం.
'స' కాడికొచ్చేసరికి చెదలు.
సాయానికి ఇంకో మాట కావాలంటే
ఇందులో దొరకదు.

ఇరవై రెండేండ్లుగా కలెక్టరాఫీసు గోడవార
పోయిన ఎలక్షన్ల ఫ్లెక్సీ నీడలో అర్జీలు రాస్తాండా.
ఓడిపోయినాయన నా నెత్తిన నిలబడి
ఇప్పటికీ దండం పెడతానే ఉంటాడు.
నా మాటలన్నీ అరిగిపోయినాయి.
మహారాజశ్రీ, విన్నపము, దయతలచి, ఇట్లు తమ విధేయుడు.
పింఛనాగిన ముసలాయనకూ అవే,
గట్టు జరిపించుకున్న ఆమెకూ అవే.
లోపలి గుమాస్తా ఒకనాడు నవ్వినాడు:
"ఖలందర్, నీ అర్జీ ఒకటి చదివితే
వెయ్యి చదివినట్టేనబ్బా."
రాత్రంతా నిద్ర పట్టల్యా.
అందుకే కొన్నా.

మొదటి వారం పండగే.
బాధ తీసి వ్యథ పెడితి,
వ్యథ తీసి క్షోభ పెడితి.
అప్పును ఋణభారము చేస్తి.
ఆకలి ఉండాల్సిన చోట క్షుధ అని రాసి
మగ్గమాయనకు చదివి వినిపిస్తే
"ఎవరన్నా ఆమె?" అనడిగినాడు.

నీళ్ల పేజీ తీసినానొకసారి, ఊరికే.
ఉదకము, సలిలము, తోయము, జీవనము,
రెండు వరసల్లో పారతాండాయి.
మా వీధికి ట్యాంకరు మూడోనాడు.
పేజీ మూసి, పోయి బిందె వరసలో పెట్టొచ్చినా.

సోమవారం వన్నూరమ్మ వచ్చింది, బెళుగుప్ప దిక్కునించి.
సంచిలో పీకిన శెనక్కాయ చెట్టొకటి.
వేర్లకు మన్ను అంటి లేదు.
"ఏం రాయాలమ్మా?"
"పదును గాల్యా. అంతే."

అంతే అంటే అర్జీ అవుతుందా?
'వర్షాభావ పరిస్థితుల వలన పంట శుష్కించి' అని
నా కొత్త మాటలతో అర పేజీ నింపి వినిపిస్తి.
కొంగుతో మూతి తుడుచుకుంది.
"వాన పడింది గదప్పా! పడలేదని నేనెందుకు చెప్తా?
ఇత్తనమప్పుడు పడింది, పూతప్పుడు పడింది.
ఊడ దిగే పొద్దుకూ పడింది,
దుమ్మణిగింది, లోపల పదును గాల్యా.
ఇది మన్నును పొడిచి పొడిచి
మొన ఎట్ల వంగిపోయిందో చూడు."

చూసినా.
సూది మాదిరి ఉండాల్సింది
కొక్కెం మాదిరి ఉంది.

పుస్తకం తెరిచినా. పదును ఉంది:
వాడి, నిశితము, తీక్ష్ణము.
అన్నీ కత్తులే. ఒక్కదానికీ తడి లేదు.
"ఏముంది?"
"పదునంటే వాడి అని ఉందమ్మా."
"వాడితే ఇంకేం పదును!"
పొద్దున్నించి ఆమె నవ్వింది అప్పుడే.
"ఆ పుస్తకమాయనకు సేను లేదేమో."

పుస్తకంలో పక్కపక్కన కూర్చున్న మాటలు
సేనిలో ఒకదాని మొగం ఒకటి చూడవు.

అర పేజీ కొట్టేసినా.
అయ్యా, వాన పడింది. పదును కాలేదు. ఊడ దిగలేదు.
కింద వేలిముద్ర.
ఇరవై అడిగితే పది ఇచ్చింది:
"మాటలు నావే గదా."
చెట్టు నా మేజా మీద పెట్టి పోయింది.

మధ్యాన్నం గుమాస్తా బయటికొచ్చినాడు కాగితం పట్టుకొని.
"దీన్ని ఏ గడిలో వేయాల?
కరువుంది, వరదుంది, తెగులుంది.
ఇంతకూ పదునంటే ఏందబ్బా?"
నవ్వల్యా ఈసారి.
నాకూ వెంటనే చెప్పనీకి రాల్యా.
వేలు చూపించి, చూపుడువేలిని బొటనవేలితో నలిపి చూపించినా.
"ఇట్ల అంటుకోవాల."
వింత చూసినట్టు చూసి లోపలికి పోయినాడు.
ఏ గడిలో వేసినాడో తెలీదు.

సాయంత్రం మేజా ఎత్తే ముందు
వాడి, నిశితము, తీక్ష్ణము పక్కన, అంచు మీద
సన్నగా రాసినా:
మన్ను వేలికంటేంత తడి. వన్నూరమ్మ చెప్పింది.
పాత కాగితం.
సిరా పీల్చుకొని
అవతలి పక్కకు దిగింది.