పద్దెనిమిదో నంబరు బిళ్ళ

మెల్లగా, అంటుంది హెస్టర్.
ఇంకా మెల్లగా.
పడవ నడుస్తోందని నీళ్లకి తెలియాలి,
నీకు తెలియకూడదు.

కోనిస్టన్ సరస్సు మీద ఏప్రిల్ పొద్దు
ఇంకా కళ్లు నులుముకుంటోంది.
పడవకి రెండు పక్కలా రెండు గడలు,
మిడత మీసాల్లా బయటికి చాచి.
గడ కొసన మువ్వ. గడ నుంచి దారం,
దారం అడుగున సీసపు గుండు,
ఆ దారానికి కొమ్మల్లా ఆరు పిల్లదారాలు,
ఒక్కో కొమ్మకి వేపాకంత రేకు.

ముప్పై ఏళ్లు ఈ గట్టున ఉత్తరాలు పంచిన మనిషి.
ఏ గుమ్మంలో ఏ కుక్క కరుస్తుందో,
ఏ లోతులో ఏ చేప కరుస్తుందో
ఒకే గొంతుతో చెబుతుంది.

మబ్బు పట్టిన రోజు రాగి.
నీళ్లు అద్దంలా ఉంటే వెండి, అదీ మసకబారిన వెండి.
మరీ తళతళలాడితే చార్ చేప తప్పుకుపోతుంది,
కొత్తగా డబ్బు చేసిన చుట్టాన్ని చూసినట్టు.
గాలి తిరిగితే ఇత్తడి.
ఎండలు ముదిరితే ఇంకా కిందికి, చల్లదనం దాక్కున్న చోటికి.
మరి వాన పడితే?
ఇంటికెళ్లి టీ తాగాలి.

దుకాణంలో కొన్న రేకు ఆమె పడవ ఎక్కదు.
చర్చి వాళ్లు అమ్మేసిన పళ్లెం నుంచి రెండు,
మొగుడు లాంటీ వెళ్లిపోతూ వదిలేసిన
బ్యాండు బాకా నుంచి తొమ్మిది.
అతను ఊదినన్నాళ్లూ ఒక్క చేపా రాలేదు, అంటుంది.
నవ్వాలో వద్దో తెలియక
నేను తెడ్డు వేస్తాను.

పోయిన నెల నా బిళ్ళ ఇచ్చాను ఆమెకి.
పలకరాళ్ల గనిలో నా నంబరు, పద్దెనిమిది.
లోపలికి వెళ్తూ మేకుకి తగిలించాలి,
బయటికొచ్చి తీసుకోవాలి.
సాయంత్రం మేకుకి బిళ్ళ మిగిలిందంటే
ఎవరో ఇంకా కొండ కడుపులో ఉన్నట్టు.
ఇరవై రెండేళ్లు.
గని మూసిన రోజు ఫోర్మన్ థ్రెల్కెల్డ్
బిళ్ళలన్నీ బిస్కెట్ డబ్బాలో పోసి
ఎవరిది వాళ్లు ఏరుకోండన్నాడు.
నాది వెంటనే దొరికింది,
చీకట్లో చెప్పు కాలికి దొరికినట్టు.

హెస్టర్ పంటితో కొరికి చూసి
మంచి ఇత్తడి, అంది. అంతే.
కత్తెర వేసింది. ఒకటి పోయింది, ఎనిమిది మిగిలింది.
కొసలు కాస్త వంచింది.
ఎక్కువైతే బొంగరం, తక్కువైతే రాలిన ఆకు.
వీపు మెరిసేలా రుద్ది, ముఖం వదిలేసింది.
ఆ మురికి ఉండనీ,
డబ్బిచ్చినా దొరకదు.

ఇవాళ అది అడుగు నుంచి రెండో కొమ్మన,
యాభై అరవై అడుగుల కింద,
నాకు కనపడని చోట తిరుగుతోంది.
పొద్దుట్నుంచీ మువ్వలు మూగవి.
సోమవారం కెండల్ గోదాములో ఇంటర్వ్యూ,
ఫారంలో 'మీకు వచ్చిన పనులు' అన్న గడి
ఇంకా ఖాళీ.
నడక పెరిగింది, అంది హెస్టర్,
గడల మీంచి చూపు తిప్పకుండా.
ఏమాలోచిస్తున్నావో తెడ్డు చెప్పేస్తోంది.

అప్పుడు మోగింది.
ఎడమ గడ. ఒకసారి. ఆగి, మళ్లీ, గలగలా.

తెడ్డు ఆపకు! ఆపావా, అన్నీ చిక్కుపడతాయి.
చేతి మీద చెయ్యిగా లాగుతోంది,
ఒక్కో కొమ్మనీ పడవ అంచుకి చుడుతూ:
బాకా, ఖాళీ. పళ్లెం, ఖాళీ.
బాకా, ఖాళీ.
నాలుగోదానికి నాచు.
ఆ తర్వాత నీళ్లలో నిప్పుకణిక రంగు పొట్ట ఒకటి తిరగబడింది,
రెక్కలకి తెల్లటి అంచు.
దవడ మూల నా ఎనిమిది,
ఎటు తిప్పినా ఎనిమిదే.

రేకు విడిపించి నా అరచేతిలో పెట్టింది.
తడిగా, గని గోడంత చల్లగా ఉంది.
ఒక్క క్షణం నా చెయ్యి
తగిలించడానికి మేకు వెతికింది.

ఏం చూస్తున్నావ్, అంది హెస్టర్.
కట్టు మళ్లీ. అటు గట్టు వైపు పట్టు,
అక్కడ లోతెక్కువ.