పాత వాచరు

బండి పేరు పట్రోల్, తాగేది పెట్రోల్.
తొంభైమూడు మోడలు. నాకంటే రెండేండ్లు పెద్దది.
వఫ్రాలో టమాటా షెడ్ల వెనక
గొర్లకు నీళ్ళ ట్యాంకు లాగడం దాని పని.
దాన్ని తోలడం నా పని, మొన్న శుక్రవారం నుంచీ.

"తోలడం ఎవడైనా తోల్తాడు, కిందికి దూరు"
అన్నాడు గుల్ జమాన్.

ఫజర్ బాంగు అయిపోయినాక, ఎండ లేవక ముందే
గోనెపట్ట పరుచుకొని దూరినా.
పైన పొట్ట. మసి పట్టిన ఇనుప పొట్ట.
మా నల్లావు ఈనే రాత్రి
నాయన పక్కన లాంతరు పట్టుకొని కూర్చున్నట్టు
టార్చి పట్టుకొని పడుకున్నా.

నట్టు ఏది, బోల్టు ఏది, అంతవరకే నా చదువు.
ఆయన వేలు పెట్టి చూపిస్తాడు:
ఉర్దూలో ఒక పేరు, అరబ్బీలో ఒక పేరు,
తుప్పు పట్టి ఊడి రాకపోతే పష్తోలో తిట్టు.
నేను లోలోపల నా పేర్లు పెట్టుకుంటా.
ఇది ఇరుసు. ఇది కాడి.
ఇదిగో, బటానీ గింజంత, ఇది మేకపిల్ల చన్ను.

చన్నుకు గన్ను తగిలించి పిడి నొక్కితే
నల్లటి జిడ్డు, ఇసుకతో సహా, పక్క నుంచి ఉబికి వస్తాది.
"కొత్తది కనపడేదాకా నొక్కు."
కందెన!
ఈ మాట నా నోట్లోకి వచ్చి ఎన్నేండ్లయిందో.
కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతమని
పని ఎగ్గొట్టి మాటలు చెప్పేవాళ్ళను మా జేజి అనేది.
ఈ వారమంతా ఆ సంగీతం విన్నా,
గేరు పాడుతోందనుకున్నా.

ఇంక ఆయిలు.
ఎడమకు తిప్పితే విప్పుకుంటుందట.
వెల్లకిలా పడుకున్నోడికి ఎడమ యాడుండాదో
ఎవరూ చెప్పరు.
బిగించి, బిగించి, తిట్టు తిని, విప్పినా.
మోచేతి మీదుగా చంకలోకి కారింది నూనె, వెచ్చగా.
ఫిల్టరు ఊడదీసి కొత్తది ఎక్కించినా.
"చేత్తోనే. పానా వద్దు. బస్."
రెండు డబ్బాలు పోసినా, చుక్క నేలపడకుండా.
అప్పుడు కొంచెం గర్వపడ్డా కూడా.

స్టార్ట్ చేసినా.
గుల్ జమాన్ రెండు చేతులూ గాల్లోకి లేచినాయి.
ఆపు, ఆపు, ఆపు!

తేనె రంగు మడుగు.
ఇసుక తాగుతుంటే చూస్తూ నిలబడ్డా.
డబ్బా ఐదు దినార్లు, నా రోజు కూలి మూడు.
తిడతాడని ఉర్దూలో జవాబు కూర్చుకుంటున్నా.

ఆయన నా చూపుడువేలు పట్టుకొని
ఇంజను మొహం మీద గుండ్రంగా తిప్పినాడు.
మెత్తగా తగిలింది.
పాత రబ్బరు వాచరు, అంటుకొని అట్లనే ఉండాది.
దాని మీదనే కొత్తదాన్ని కూర్చోబెట్టినా.
ఊర్లో బోరింగుకు తోలు వాచరు మార్చేటప్పుడు
పాతది తీసి పక్కన పెట్టి లెక్క చూసుకొనేది మేస్త్రీ.
చూసినా గదా చిన్నప్పుడు. చూసినా, అంతే.

"జహ్రాలో, మొదటి సంవత్సరం," అన్నాడు గుల్ జమాన్,
"పాలరాతి వాకిట్లో చేసినా ఇదే పని.
నీకు ఇసుక దొరికింది, అదృష్టవంతుడివి."
నవ్వితే ముందర రెండు పళ్ళు లేవాయనకు.
లోపలికి పోయి మంచం కింద నుంచి డబ్బా తెచ్చినాడు.
ఎవరిదని అడగలేదు, ఆయన చెప్పలేదు.

పొద్దెక్కినాక బూ నాసిర్ వచ్చి
చెప్పుతో మరక మీద రాసి చూసినాడు.
"ముసలి బండి, కారతాది"
అన్నాడు గుల్ జమాన్, నా వైపు చూడకుండా.

ఇప్పుడు రోజూ పొద్దున్నే డిప్‌స్టిక్కు తీస్తా.
తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీస్తా.
రెండుసార్లు ఎందుకని అడిగితే
మొదటిసారి అది అబద్ధం చెప్తాది,
మొహం తుడిచి అడిగితేనే నిజం, అన్నాడు.

వచ్చే శుక్రవారం బ్రేకులంట.
అప్పటిదాకా మెల్లగా తోలమన్నాడు.