ఊట

నాలుగో అంశం: దక్షిణపు కొండవాలులో
ముప్పై సమాధులకు చోటు.

సమావేశ మందిరం గుమ్మంలో చెప్పులన్నీ
మునివేళ్ళు వాకిలివైపు తిప్పి ఉన్నాయి.
తర్జోనోవి కూడా.
ఎవరేమన్నారో రాసుకోవడం నా ఉద్యోగం.

రాశాను:
కొండ కింద ఊట ఉంది.
ఊటనీళ్ళు మడిలోకి,
మడినీళ్ళు గింజలోకి,
గింజ మనవల నోట్లోకి.
"వాళ్ళ మీద నాకేం కోపం లేదండీ," అంది నోజాకి గారి కోడలు,
"నా బాధంతా నీళ్ళ గురించే."
ఆ మాటే ఆ సాయంత్రం ఏడుగురన్నారు.
ఏడుసార్లూ రాశాను.

ఒకాయన నిప్పు గురించి చెప్పాడు.
ఈ దేశంలో మనిషన్నవాడు పొగై పోవాలి,
అయినవాళ్ళు ఎముకలేరి కుండలో పెట్టాలి,
అనాదిగా మనది అదే పద్ధతి.
అనాదిగా అన్నప్పుడు బల్ల మీద చిన్నగా కొట్టాడు.

మేయరు గారు నీళ్ళు నమిలారు.
అది రాయలేదు.

తర్జోనోది జావా ఉత్తరపు తీరం.
మా కుర్రాళ్ళు ఒసాకా బస్సెక్కేశాక
సూర చేపల పడవ కదులుతున్నది
అతని లాంటి పన్నెండు జతల చేతుల మీద.
నా కౌంటరు దగ్గరే పన్ను కడతాడు,
రసీదు మడిచి టోపీలో దాచుకుంటాడు.
పండగనాడు పెద్ద డోలు మోయడానికి
భుజాలు చాలకపోతే అతన్నే పిలిచారు.

లేచాడు.
పడవ మీద నేర్చిన మా తాతల యాసలో,
మా పిల్లలకే రాని యాసలో,
"పాపకి పదకొండు రోజులు," అన్నాడు.

పేరు ఉమి.
మాకు సముద్రం. వాళ్ళకి అమ్మ.

చేపల లారీ అరువడిగి,
మంచుపెట్టెలు పక్కకి జరిపి,
ఏడువందల కిలోమీటర్లు నడిపాడట
మట్టి ఇచ్చే ఊరికోసం.
"దారిలో రెండుసార్లు ఆపి చూశాను,
చలేస్తోందేమోనని."

కూర్చున్నాడు.
గోడ మీద ఫ్యాను ఇటు తిరిగి, అటు తిరిగింది.

అప్పుడు ఇవకిరి తాత.
తొంభై ఒకటి. చెవుడు. ఆయన్నెవరూ అడగలేదు.
"మా నాయనమ్మ ఆ కొండ మీదే ఉంది,
కాల్చలేదు.
దహనవాటిక ఎక్కడిది అప్పుడు? కట్టెలకి డబ్బెక్కడిది?
పీపాలో కూర్చోబెట్టి, మోకాళ్ళు గడ్డానికానించి
పూడ్చారు. నేనూ వేశాను పిడికెడు మన్ను,
ఆరేళ్ళవాణ్ణి.
ఆవిడ పక్కన ఇంకో నలభైమంది ఉంటారు.
ఎనభై అయిదేళ్ళుగా ఆ ఊట తాగుతున్నాను,
తియ్యగానే ఉంది."

ఎవరో నవ్వబోయి ఆగారు.
నోజాకి గారి కోడలు
చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టి
దాన్నే చూస్తూ ఉండిపోయింది.

అంశం వాయిదా పడింది.

మర్నాడు మా పెద్దసారు అన్నాడు,
"ముసలాయన మాట తీసెయ్యి, అది అజెండాలో లేదుగా."
ఎక్కడ పెట్టాలో తెలియక
చివరి పేజీలో ఇతరములు అనే గడిలో పెట్టాను.
వలసవచ్చినవాళ్ళ దరఖాస్తులోనూ
ఆ గడే ఉంటుంది, అంతే ఇరుకు.

ఆదివారం కొండెక్కాను.
రాళ్ళు లేవు, పేర్లు లేవు.
వెదురు పొదల మధ్య నేల అక్కడక్కడ కుంగి ఉంది,
ఒక మనిషి ముడుచుక్కూర్చునేంత మేర.
ఏ గుంట ఎవరిదో, ఏ యాసదో,
గడ్డికి తెలిసినట్టు లేదు.

దిగివస్తూ ఊట దగ్గర సీసా నింపుకున్నాను.
చల్లగా ఉంది, చేతులు జిల్లుమన్నాయి.

సీసా నా బల్ల మీదే ఉంది.
నెలాఖరుకి పడవ వస్తుంది, అతను పన్ను కట్టడానికి వస్తాడు.

నేనింకా తాగలేదు.