సెలైన్ సీసా

చీపురుపల్లి గేటుకి ఇవతల దండాసి షెడ్డు.
నా బండి సైడు స్టాండు మీద
కడుపునొప్పొచ్చిన దూడలా ఒరిగుంది.
తొంభై ఎనిమిదిలో కొన్నది.
గోగు కట్టలు మోసింది, యూరియా మోసింది,
ఓ అర్ధరాత్రి మా చెల్లెల్ని కాన్పుకి మోసింది.
గరివిడి నల్లదుమ్ము మింగి కూడా దగ్గలేదు.
ఈ ముసురుకే,
రెండు కిక్కులకి లేచేది ఇరవై కిక్కులకీ లేవలేదు.

దండాసి ముందు మాట్లాడడు.
ట్యాంకు అడుగుది ఖాళీ సెలైన్ సీసాలోకి పట్టి
బల్ల మీద నిలబెట్టాడు.
దూరంగా పోయి బీడీ కాల్చుకొచ్చాడు.
"ఇప్పుడు సూడు బావూ."

పైన పెట్రోలు, లేత నారింజ రంగు.
కింద వేలెడు మందాన ఇంకోటి,
మసగ్గా, సీసా కదిపితే బద్ధకంగా ఊగుతూ.
"అదేటి?"
"నీల్లు. నీల్లతోటి జతకట్టిన సారా.
బంకులో పోసినప్పుడు కలిసే ఉన్నాయి.
పది రోజులు బండి తియ్యనేదు గదా నువ్వు,
గాల్లో తడి పీల్చీసి
అన్నదమ్ముల్లాగ ఏరు పడిపోనాయి."

కార్బురేటరు విప్పితే లోపల తెల్లపొడి,
సున్నండబ్బా మూతంచున పేరుకున్నట్టు.
పెట్రోలు గొట్టం ఉబ్బి మెత్తబడి
నా వేలిముద్రని అలాగే ఉంచేసుకుంది.

"సారా కలపంది దొరకదా?"
"ఈ సుట్టుపక్కల నాకు తెలిసి నేదు."
"పోనీ, పోయించుకుంటే ఫర్వాలేదా?"
ఇక్కడ దండాసి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు,
అక్కర్లేనంత సేపు.
"పేలిపోదు. అలాగని ఒంటికీ పట్టదు.
కొత్త బళ్లు పుట్టుకతోనే అలవాటు పడ్డాయి.
దీని రబ్బర్లు పాతకాలపు మనుసులు, సారా ఎరగవు.
గొట్టాలు మార్సీ. ట్యాంకు నిండుగా ఉంచు,
ఖాళీ జాగాలోనే చెమ్మ చేరుద్ది.
పని నేకపోయినా రోజు మార్చి రోజు తిప్పు."

అడక్కూడదనుకుంటూనే అడిగాను,
ఆ సారా దేంతో కాస్తారని.
"చెరుకు, నూకలు, మొక్కజొన్న. ఏది దొరికితే అది."

నిరుడు రబీలో నా కళ్లం నుంచి
అరవై బస్తాలు లారీకెత్తాను.
ఈసారి కోళ్ల దాణాకి కాదు, ఫ్యాక్టరీకి, అన్నాడు బ్రోకరు,
క్వింటాకి నూరు ఎక్కువిచ్చాడు.
ఆ నూరు చూసుకుని రాత్రి చాపల పులుసు వండించాను.
ఇవాళ గొట్టం, వాషర్లు, మజూరీ కలిపి ఆరొందల నలభై.
లీటరుకి అరవై వచ్చేది యాభై అయిదు వస్తోంది.
దీన్ని రాబడి కింద రాయాలా, ఖర్చు కింద రాయాలా?
గింజ మీద తినేవాడి పేరుంటుందంటారు,
పండించినవాడి పేరుండదు.
నా గింజే నా బండి గొంతుకడ్డం పడిందో
ఎవరి గింజో.

ఉబ్బిన గొట్టం జేబులో వేసుకున్నాను, ఎందుకో తెలీదు.
సీసాలోది దండాసి పారబొయ్యలేదు,
పైన పైన నారింజరంగుది వంచుకుని
నట్లు కడుక్కుంటున్నాడు.

గేటు పడింది.
ముందు టార్పాలిన్ జారిన మొక్కజొన్న లారీ.
రాలిన గింజలకి గోరింకలు చక్రాల కిందికే దూరుతున్నాయి.
అందరూ ఇంజన్లు ఆపారు.
నేను ఆపలేదు.
"పెట్రోలు దండగరా" అన్నాడు పక్క సైకిలాయన.
చెయ్యి యాక్సిలరేటరు మీంచి తియ్యకుండానే తలూపాను.

గూడ్సు బండి, యాభై ఎనిమిది పెట్టెలు.
గేటు లేచింది.
మూడో గేరు దాకా బాగానే ఉంది.